టీవీ వెనక కొబ్బరికాయ

మొన్న బర్మాలోని పబేడాన్ పేటలో టీ తాగుతుంటే పక్క బల్ల మీది ఫోన్‌లోంచి పాత బ్రిటిష్ కామెడీ నవ్వు వినిపించింది. మనుషులు కనబడని గుంపు నవ్వు. చిన్నప్పుడు అదంటే నాకు వణుకు.

నాన్న ఆ క్యాసెట్లు అద్దెకు తెచ్చేవాడు. తెర మీద ఇద్దరే మాట్లాడుకునేవారు, నవ్వేది మాత్రం వందమంది. పక్కింటి బర్మావాళ్లు ఇంటిని కాచే నాట్ దేవత కోసం గుంజకు కొబ్బరికాయ వేలాడదీసి ఎర్రగుడ్డ చుట్టేవారు. చర్చికి వెళ్లే మా ఇంట్లో ఆ కాయ లేదు గనక, నాట్లు గోడ దాటి వచ్చి నవ్వుతున్నాయని తేల్చుకున్నాను. కూరకు తెచ్చిన కొబ్బరికాయకు నా ఎర్ర రిబ్బను చుట్టి టీవీ వెనక దాచాను.

అది అమ్మ కంట పడింది. "మనింట్లో ఏటే ఈ పూజ?" అంటూ కర్ర తీసింది. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

నాన్న కర్ర పక్కన పెట్టించాడు. "క్రిస్మస్ నాటకంలో నీ గొల్లవాడి గడ్డం ఊడిపోతే నవ్వింది ఎవులమ్మా?"

"కింద కూకున్నోళ్లు."

"ఆళ్లు స్టేజీ మీద కనబడ్డారేటి?"

"లేదు."

"ఇదీ అంతే. కెమెరా స్టేజీ వైపే చూస్తాది."

గుండె మీంచి బరువు దిగిపోయింది. కొబ్బరి కూరలోకి పోయింది. ఆ సాయంత్రం ఆ గుంపుతో కలిసి నేనూ నవ్వాను.

పెద్దయ్యాక దెయ్యాల మీద, తాయెత్తుల మీద ఎందరితోనో మండిపడుతూ వాదించాను. నాన్నలా ముందు ఒక ప్రశ్న అడిగినప్పుడే ఎవరైనా నా మాట విన్నారు.