పొయ్యి పొగకు నేను వేసిన మార్కులు

పోయినవాటి లెక్క ముందే చెప్పేస్తాను: ఆరు ఆదివారాలు, రెండు పెన్నులు, ఇరవై మూడు పరిశోధన పత్రాలు, మా డాక్టరక్కకు నా మీదున్న నమ్మకం మొత్తం. ఇన్నీ నేనొక్కడినే, ఎవరి సాయమూ లేకుండా పోగొట్టాను.

తొంభైల నడుమ సంగతి. మా పెద్దమ్మ కూతురు మద్రాసు పెరంబూరులో పిల్లల డాక్టరు. కట్టెల పొయ్యి పొగకు పిల్లలకు ఆయాసం వస్తుందా అని లోకంలో జరిగిన పరిశోధనలన్నీ పోగేసి, తూచి, ఒక నివేదిక రాస్తోంది. ఆసుపత్రి కమిటీ ఒప్పుకుంటే వ్యాసర్పాడిలో ఆయాసం పిల్లలకు క్లినిక్కు తెరుస్తారు. ఆసుపత్రి ఆయా ముత్తమ్మది ఆ పేటే. ఆమె మనవడు నాలుగడుగులు పరిగెత్తితే ఛాతీలో పిల్లికూతలు.

నాకు డిగ్రీ లేదు, కూడికలున్నాయి. ఇనుప సామాను కొట్టులో కూర్చుని గణాంకాలు సొంతంగా నేర్చుకున్నవాణ్ని. అందుకే ఏ పరిశోధన ఎంత గట్టిదో చూసే పని అక్క నాకిచ్చి, అందుకు వాడే ప్రశ్నల పట్టికలు రెండు చేతిలో పెట్టింది.

"ఏది సరిపోతాదో చదివి ఎంచుకో కుప్పూ. తొందర పడొద్దు."

మొదటి పట్టికలో జవాబులు అవును, కాదు, తెలీదు. అడుగున మొత్తం లేని కాగితం నాకు ఉప్పు లేని సాంబారు. రెండోదానిలో ఐదు మార్కులు, చివర మొత్తం. పెళ్లిచూపుల్లో పడిపోయినట్టు పడిపోయాను. అది మందుల పరీక్షల కోసం చేసిన పట్టిక అని పైన రాసే ఉంది. నేను పైన చదివే రకం కాదు, తిన్నగా అడుగుకే పోతాను.

చీటీలు వేసి మనుషుల్ని రెండు జట్లుగా పంచారా? ఎవరికేది దక్కిందో వాళ్లకు తెలియకుండా దాచారా? పొయ్యిల దగ్గర అవన్నీ ఎవరు చేస్తారు? సున్నా. ఇంకో సున్నా. ఇరవై మూడూ తప్పాయి. పాసైంది ఒక్కటే: జిరాక్స్ కొట్టువాడు పొరపాటున కలిపేసిన, పెద్దవాళ్ల దగ్గు మందు మీది పరీక్ష. ఐదుకు ఐదు. చూసి నా కళ్లు చెమర్చాయి, నమ్మండి.

కమిటీ కూర్చునే వారం అక్క ఊళ్లో లేదు. తిరిగొచ్చి నేరుగా మీటింగుకే వచ్చింది. నేను అప్పటికే కాగితాలు పంచేశాను.

కమిటీ పెద్ద డాక్టరు అడిగారు. "అయితే పొగ వల్ల హాని లేదంటావా?"

"నమ్మదగ్గ సాక్ష్యం లేదు సార్. పొయ్యిలో కట్టెలున్నాయో గ్యాసుందో ఆ తల్లులకు తెలియకుండా ఎవరూ దాచలేదు."

కాఫీలు పంచుతున్న ముత్తమ్మ ఆగింది. "అదెట్ట దాస్తారు సామీ? కండ్లకు గుడ్డ కట్టుకోని వండమంటావా?"

"శాస్త్రం అట్లే అడగతాది ముత్తమ్మా."

"సరి, ఒక దినం మా ఇంటికి రా. గుడ్డ కట్టుకోని పొయ్యి ముందర కూచో. కట్టెలో గ్యాసో దగ్గతానే చెప్తావు."

పెద్ద డాక్టరుకు కాఫీ ముక్కులోకి పోయింది. అక్క మాత్రం నవ్వలేదు.

"ఆ దగ్గు మందు ఈడెందుకుండాది కుప్పూ?"

"ఐదుకు ఐదక్కా."

"దాంట్లో పిల్లోళ్లు లేరు, పొయ్యి లేదు, పొగ లేదు."

"మొత్తం సరిగ్గా ఉందక్కా."

కమిటీ మూడు నెలలకు వాయిదా పడింది. మళ్లీ కూర్చునేలోగా అక్క, ఇలాంటి పరిశోధనల కోసమే చేసిన మొదటి పట్టికతో, ఒక్కో ప్రశ్నా నాకు చదివి వినిపిస్తూ, అన్నిటినీ తిరిగి తూచింది. క్లినిక్కు వచ్చింది. మొదటి చీటీ ముత్తమ్మ మనవడిదే.

ఆనాడే ప్రమాణం చేశాను: పట్టిక ఎందుకు పుట్టిందో రెండుసార్లు చదవనిదే దేనికీ మార్కు వేయను. దేవుడే దిగివచ్చి కూడమన్నా, ముందు ఇది దేనికి చేశారు స్వామీ అని అడుగుతాను.

ముత్తమ్మకు ఈ ప్రమాణం చాల్లేదు. ఇప్పటికీ కనబడితే చేయి చాపుతుంది. "నీ కూడికకు నా మనవడు ఊరికే దగ్గిన దినాలు తిరిగియ్యి సామీ."

ఒక్కటీ తీర్చలేకపోయాను. మొత్తం తొంభై ఒక్క దినాలు.