రెండు కాగితాలూ కలిసిన రోజు

పోయిన సోమవారం పొద్దున లక్సెట్టిపేట నుంచి సార్ కూతురు ఫోన్ చేసింది. "బాపు పోయిండక్కా" అన్నది, అంతే. నేను చేరేసరికి సాయంత్రమైంది. గోదావరి ఒడ్డున అప్పటికే అంతా అయిపోయింది.

సార్ అణుకేంద్రకాల మీద లెక్కలు కట్టే శాస్త్రవేత్త. మాకు పెద్ద యంత్రాలుండవు. కాగితం, పెన్సిలు, బోర్డు, ఒక కంప్యూటర్. వేరే రాష్ట్రంలో ఉన్న పరిశోధనశాలలో ఆయన దగ్గర చేరిన మొదటి రోజే నన్ను ఆటపట్టించారు. "మందమర్రి బిడ్డవా? మీ బాపు భూమిలకు దిగి బొగ్గు తెస్తడు. నువ్వు కేంద్రకంలకు దిగి ఏం తెస్తవో చూస్త." ఊరికి అంత దూరంలో మన మాట వినబడేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రబ్బరు ముట్టేవారు కాదు. తప్పును ఒక్క గీతతో కొట్టేసి కింద మళ్లీ రాసేవారు. సాసర్‌లో పోసుకున్న చాయ్ చల్లారిపోయేది. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది: ముఖ్యమైన లెక్కను ఇద్దరు వేర్వేరు గదుల్లో చెయ్యాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. చివర్న రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాలి. "ఒక్కరు చేస్తే నమ్మకం, ఇద్దరు చేస్తే లెక్క" అనేవారు.

నేను ఆ కట్టుబాటు తప్పాను.

ఒక కేంద్రకంలో కొత్త స్థితి ఏ శక్తి దగ్గర కనబడుతుందో మేం చెప్పాలి. ప్రయోగం చేసేవాళ్లు కణాలను వేగంగా తోసే పెద్ద యంత్రాన్ని, యాక్సిలరేటర్‌ను, మా అంకెకు సరిచేసుకుంటారు. ఆ యంత్రం మీద వాళ్లకు దొరికింది నాలుగు రోజులే, మళ్లీ వంతు ఎప్పుడో తెలియదు. మధ్యాహ్నం మూడింటికి అంకె ఇవ్వాలి. పన్నెండింటికి నా జవాబు తేలింది. చెబుదామని సార్ గదికి వెళితే ఆయన లేరు, నోటుబుక్కు తెరిచి ఉంది. చూశాను. ఒకచోట నాకు మైనస్ వస్తే ఆయనకు ప్లస్ వచ్చింది. ఆయన అనుభవం ముందు నా లెక్కెంత అనుకొని, వెనక్కి పోయి నా మైనస్‌ను ప్లస్ చేశాను.

రెండున్నరకు కాగితాలు బల్ల మీద పెట్టాం. కలిశాయి. సార్ ముఖం వెలిగింది. ఫోన్ అందుకొని నంబరు నొక్కసాగారు. నా కాగితం అక్కడ దొంగ సాక్షిలా పడి ఉంది. నేను చేరి ఆరు నెలలైనా కాలేదు, చెబితే ఇంటికి పంపిస్తారు. చెప్పకుండా ఉంటే, ఒకవేళ ఆయనదే తప్పయితే, వాళ్ల నాలుగు రోజులూ గంగలో కలిసినట్టే.

"సార్, జర ఆగుండ్రి. మీ నోటుబుక్కు చూసిన. నాకు మైనస్ వచ్చింది. మీది చూసి మార్చిన."

ఫోన్ పెట్టేశారు. తిడతారనుకున్నాను.

"ఏ లైన్ల మార్చినవ్? చూపియ్యి."

ఆ లైను దగ్గర ఆయన పెన్సిలు ఆగిపోయింది. అలమరలోంచి రెండు పుస్తకాలు తీశారు. ప్లస్, మైనస్ గుర్తులు పెట్టే పద్ధతి ఒక్కో పుస్తకంలో ఒక్కో తీరుగా ఉంటుంది. ఒకదాంతో మొదలుపెడితే చివరిదాకా దాంతోనే పోవాలి. సార్ సగం దీంట్లోంచి, సగం దాంట్లోంచి తీసుకున్నారు. ఇద్దరం ఎవరి కాగితం మీద వాళ్లం మొదటినుంచీ మళ్లీ చేశాం. నా మైనస్సే నిలిచింది.

"నీదే కరెక్టు బిడ్డా. నన్ను నమ్మినవ్ గని నీ లెక్కను నమ్మకపోతివి. ఇగ నా మొకం చూడకు, కాయితం చూడు."

నేను దొంగచాటుగా చూసిన సంగతిని సార్ చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నేనే చెబుతున్నాను.

ఆ రోజు మూడు దాటాక ప్రయోగం వాళ్ల నుంచే ఫోన్ వచ్చింది. సార్ అంకె చెప్పారు. ఆలస్యానికి వాళ్లు గట్టిగా అరవడం నాకూ వినబడుతోంది. "తప్పు నాది. మా పిల్ల పట్టుకున్నది" అన్నారు. నేను బల్ల పక్కన నిలబడే ఉన్నాను. వాళ్ల తిట్లు వింటూనే సార్ లేచి నిలబడి, ఎడమ చేత్తో తన కుర్చీని, కూర్చోమన్నట్టు, నా వైపు జరిపారు.