రెండు పూటలు పితికి చూసిన కంప్యూటర్లు

మా చిన్నప్పుడు ఊళ్లోకి ఏదైనా కొత్త వస్తువు వస్తోందంటే, దానికన్నా ముందు అనుమానం వచ్చి కూర్చునేది...

కూచిపూడికి రెండు మైళ్ల అవతల మా ఊరు. నేను ఎనిమిదో తరగతి. నాన్న మా హైస్కూల్లోనే సైన్సు మాస్టారు. తొంభైల చివర కదా, ఎక్కడ చూసినా కంప్యూటర్ మాటే. మా స్కూలుకీ కావాలని ఊళ్లో చందాలు పోగుచేశారు. తీరా చూస్తే ఆ డబ్బుకి కొత్తది ఒక్కటే వస్తుందట!

నాన్న నాలుగైదుసార్లు విజయవాడ తిరిగారు. వన్ టౌన్‌లో రేడియోలు బాగుచేసే బాషా గారి కొట్టులో, ఆఫీసులవాళ్లు తీసేసిన కంప్యూటర్లు చూసొచ్చారు. ఒక కొత్తదాని ధరకి నాలుగు. కొత్తది ఒక్కటే కొంటే దాన్ని గదిలో పెట్టి తాళం వేస్తారు, పిల్లల చెయ్యి తగలనివ్వరు అన్నది నాన్న వాదన.

కొత్తవి అమ్మే ఏజెంటు టై కట్టుకుని మా ఊరొచ్చాడు. స్కూలు కమిటీ పెద్ద వెంకట్రామయ్య గారి అరుగు మీద కాఫీ తాగుతూ, పాతవి ఎవరూ ఊరికే కొనిపించరండీ అని ఒక మాట విసిరి పోయాడు. అంతే...

ఆ మంటలో నెయ్యి పోసింది నేనే. నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. మూడేళ్లుగా మూలనపడ్డ మా రేడియోని నాన్న వన్ టౌన్ తీసుకెళ్తే, బాషా గారు పైసా తీసుకోకుండా బాగుచేసిచ్చారు. ఆ సంగతి గొప్పగా నా స్నేహితురాలు సుజాతకి చెప్పాను. సుజాత ఎవరనుకున్నారు... వెంకట్రామయ్య గారి మనవరాలు.

రెండ్రోజుల్లో ఊరంతా ఒకటే గుసగుస. మాస్టారి చెయ్యి తడిసిందట అని. నేను పక్కనుంచి వెళ్తుంటే మాటలు ఆగిపోయేవి. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకూ అనుమానం పట్టుకుంది. అన్నం దగ్గర నాన్న తలొంచుకుని తింటుంటే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నారా అని ఓరగా చూసేదాన్ని. నా కన్నతండ్రిని!

రెండో శనివారం సెలవు. గౌన్లు కొనిపెడతానని వెంకట్రామయ్య గారు సుజాతనీ నన్నూ విజయవాడ బయల్దేరదీశారు. బస్సు దిగాక గానీ అసలు సంగతి చెప్పలేదు. బాషా గారి కొట్టుకి వెళ్తున్నామట. పిల్లలు పక్కనుంటే ఎవరికీ అనుమానం రాదట. నేను ఫలానా మాస్టారి కూతుర్నని నోరెత్తకూడదట. "నీ నోటితో మొదలైన మాటేగా, నీ చెవులతోనే విను" అన్నారు. నేను రానని అనొచ్చు. అనలేదు... నాకూ తెలుసుకోవాలని ఉంది.

బాషా గారు ఆ నాలుగూ చూపించారు. ఇవి ఒక మాస్టారికి మాటిచ్చేశాను, ఇలాంటివి కావాలంటే తెప్పిస్తాను అన్నారు. అయితే వీటినే ఆడించి చూపించమన్నారు ఈయన.

మా వైపు గేదెను కొనాలంటే రెండు పూటలు దగ్గరుండి పితికించుకుంటారు. ముందు పూట పితక్కుండా ఆపేసి, పొదుగు నిండుగా చూపించి అంటగట్టేవాళ్లు ఉంటారు మరి. వెంకట్రామయ్య గారు ఇక్కడా అదే పద్ధతి పెట్టారు. పొద్దుటి పూట చూస్తాను, సాయంత్రం పూటా చూస్తాను అని స్టూలు లాక్కుని కూర్చున్నారు! బాషా గారు నవ్వేసి నాలుగూ ఆన్ చేసి తన పనిలో పడ్డారు. గంటకోసారి ఈయన లేచి, జ్వరం చూసినట్టు వాటి వీపుల మీద చెయ్యి పెట్టేవారు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇక చూడు అన్నట్టు ఆయన నా వైపు తిరిగారు. కరెంటు వచ్చాక ఒకదాని తర్వాత ఒకటి నాలుగూ వెలిగాయి. అయినా నా బెంగ తీరలేదు. కంప్యూటర్లు మంచివైతే మాత్రం... నాన్న డబ్బు తీసుకోలేదని ఏముంది?

సాయంత్రం ఆయన అసలు ప్రశ్న బయటికి తీశారు.

"ఆ మాస్టారికి ఎంత ముట్టజెబుతున్నారేంటి? దాచమాకండి, నాకూ అంతే ఇస్తే చాలు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

బాషా గారు చేతిలో పని పక్కన పెట్టారు. "ఇస్తానన్నానండీ. అందరికీ ఇచ్చేదేగా. ఆయన వద్దన్నారు. దాని బదులు ఇంకో రెండు కీబోర్డులు పెట్టమన్నారు. పిల్లలు కొత్తలో గట్టిగా కొట్టి విరగ్గొడితే పాపం తిట్లు తింటారంట. అలాంటి మనిషి రేడియో తెస్తే డబ్బులెట్టా తీసుకుంటానండీ?"

నేను ఏడ్చేశాను. కొట్టు మధ్యలో నిలబడి, వెక్కి వెక్కి. బాషా గారు కంగారుపడి మంచినీళ్లిచ్చారు. ఆకలేస్తుందేమో లెండి అన్నారు వెంకట్రామయ్య గారు.

తిరుగు బస్సు ఉయ్యూరు దాటింది. సుజాత నా భుజం మీద నిద్రపోయింది. అప్పుడు వెంకట్రామయ్య గారు మెల్లగా, "మీ నాన్నతో చెప్పమాకమ్మా" అన్నారు.

సోమవారం మీటింగులో మాస్టారు చెప్పినవే కొందాం అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఊరు నోరు మూసుకుంది. ఆ నాలుగూ మేం పదో తరగతి దాటిపోయాక కూడా ఆడాయి... ఒక్కోదాని ముందు ముగ్గురేసి కూర్చుని, నీ వంతు నా వంతు అని కొట్టుకునేవాళ్లం.

ఇప్పుడో... ముక్కూ మొహం తెలియని వాళ్లెవరో ఇచ్చిన స్టార్లు చూసి ఫోన్లోనే కొనేస్తున్నాం. మొన్న మా అబ్బాయికి లాప్‌టాప్ అలాగే ఆర్డర్ పెడుతుంటే, నాన్న పక్కన కూర్చుని ఆ రోజులు తలుచుకున్నారు.

"ఊరంతా నన్ను దొంగని చేసింది. వెంకట్రామయ్య గారూ, నువ్వూ... మీరిద్దరే నన్ను నమ్మారమ్మా" అన్నారు.

నేను ఫోన్ మీదికి తలొంచుకున్నాను. ఇన్నేళ్లూ ఆయన అదే అనుకుని బతికారు...

మీలో ఎవరైనా సొంత మనిషిని ఇలా అనుమానించి, ఇప్పటికీ చెప్పుకోలేక ఉండిపోయారా? ఉంటే రాయండి... నాలాంటివాళ్లు ఇంకొకరున్నారని తెలిస్తే, రేపు నాన్న దగ్గర నోరు విప్పుతానేమో.