అమీరుపేటలో అలక పేరంటం

నేను హైదరాబాదు వెళ్ళింది చార్మినారు చూడ్డానికి కాదు, శనగలు తినడానికి. మా చెల్లెలు సుభద్ర కిందటేడు దసరాకి అమీరుపేటలో బొమ్మల కొలువు పెట్టి, రోజూ వీధి వీధంతా పేరంటానికి పిలిస్తే పిట్ట కూడా వాలలేదట. తొమ్మిది రోజుల శనగలూ గుమాస్తా మొగుడే తిన్నాడు. ఆయన కడుపు ఇప్పటికీ కుదుటపడలేదని వినికిడి. "ఈ ఏడూ ఎవరూ రాకపోతే నీతో బెజవాడ వచ్చేస్తాను అన్నయ్యా, మళ్ళీ ఈ ఊరి గడప తొక్కను" అని రాసింది. అన్నంత పనీ చేసే మనిషి.

పొద్దున ఆరున్నరకి బెజవాడలో రైలెక్కాను. మూడో తరగతి పెట్టెలో నాతో పాటు నాలుగువేలమంది. ఒళ్ళో బుట్టెడు కొండపల్లి బొమ్మలు. నిజాం సరిహద్దులో సుంకం జవాను మూత తీశాడు.

"ఇవేంది భాయ్?"

"దశావతారాలండి."

"పదిమందికి టికెట్ ఉన్నదా?" అని నవ్వి మూత పెట్టేశాడు.

ఖాజీపేటలో తలుపు దాకా ఈది రెండు అరటిపళ్ళు సంపాదించాను. నాలుగున్నరకి సికింద్రాబాదు. అక్కణ్ణించి జట్కా, నిజాంవారి హాలీ నాణెంలో ముప్పావు రూపాయి. గుర్రం మమ్మల్ని లాగిందో, మేమే దాన్ని తోశామో ఇప్పటికీ తేలలేదు.

చేరేసరికి దీపాలవేళ. కొలువు ఇంద్రసభలా ఉంది, దాని ముందు చాప ఖాళీ. "ఇవాళ్టితో మూడు రోజులు" అంది సుభద్ర. పెట్టె సగం సర్దేసి ఉంది.

మర్నాడు సాయంత్రం గూఢచారినై పంజగుట్ట వైపు బయల్దేరాను. అక్కడి మైదానంలో ఊళ్ళోని ఆడవాళ్ళంతా! నడుమ తాడిచెట్టంత ఎత్తున పేర్చిన తంగేడు, గునుగు పూల బతుకమ్మలు. చుట్టూ పాటలు, చప్పట్లు. నాకు బుర్ర వెలిగింది. సరిగ్గా వీళ్ళు ఆడేవేళకే మా చెల్లెలు పేరంటం పెట్టుకుంది.

సిద్దిపేట మగ్గాల నుంచి వచ్చి మా చెల్లెలి వీధిలో దర్జీ దుకాణం పెట్టినాయన తల్లి రాజవ్వ ఓ వారగా కూచుని ఉంటే, సంగతంతా చెప్పాను.

"గట్లనా! మేం ఆటకు పిలిస్తె రాలె. మస్తు గర్వమనుకున్నం."

"దీపాలవేళ కొలువు వదిలి కదలకూడదండి, మా పద్ధతి."

"ఫికర్ చెయ్యకు కొడుకా" అంది, నలభై ఆరేళ్ళ నన్ను. "మా ఆట మీ కొలువుకు ముందు దినం, అమాస నాడే షురువైంది. రేపు ఆరో దినం. బతుకమ్మ అలుగుతది, ఆడం. మేమంత ఖాళీ."

"దేవత అలగడమేంటండీ?"

"ఆడది గాదా? తొమ్మిది దినాలల్ల ఒక్క దినం సుత అలగొద్దా?"

చెల్లెలు నమ్మలేదు. "కోతలు కొయ్యకపోతే నీకు అన్నం అరగదు" అంటూ, నా మొహం చూసి గుప్పెడు శనగలే నానబోసింది.

మర్నాడు అయిదింటికి లక్షమంది వచ్చారు. తగ్గించి చెప్పినా నలభై. శనగలు తలా రెండు గింజలు వచ్చాయి. రాజవ్వ తెచ్చిన సత్తుపిండి ముద్దలు లేకపోతే పరువు కృష్ణలో కలిసేది. వరాహావతారాన్ని చూసి ఆవిడ, "గీ మూతి అచ్చం మా ఆడిబిడ్డది" అంది. కొలువు ముందు పాట పాడమంటే, తిరక్కుండా పాట రాదన్నారు. తిరగడానికి చోటు లేక మంచం వీధిలోకి మోసేశారు, దాని మీద పడుకున్న మా బావతో సహా. సుభద్ర కొంగు బిగించి వాళ్ళ మధ్య చప్పట్లు కొట్టింది. ఒక్కటీ తాళంలో పడలేదు. "పడ్తది బిడ్డా, రేపు పడ్తది" అంది రాజవ్వ.

తిరుగు ప్రయాణానికి తెల్లారుజామున లేచి చూస్తే చెల్లెలు లేదు.

"రాజవ్వతో ఎర్రగడ్డ వైపు తంగేడు పూలకి వెళ్ళింది. కొలువు వేళ పొద్దున్నకి మార్చిందట. మిమ్మల్ని జాగ్రత్తగా వెళ్ళమంది" అన్నాడు బావ.

దసరాకి అటు వెళ్ళేవాళ్ళు బతుకమ్మ ఆరో రోజుకి చేరండి. దేవత కూడా ఒకరోజు అలిగి పొరుగింటికి వేళ వదిలిపెట్టే ఊరు నేను మరోటి చూళ్ళేదు.

రైల్లో పక్కాయన, "దిగబెట్టనీకి ఎవరు రాలేదా అన్నా?" అన్నాడు.

"మా చెల్లెలికి బొత్తిగా తీరిక లేదండి!"

ఖాజీపేట వచ్చేలోగా ఈ మాట ఆరుగురికి చెప్పాను. అడిగింది మాత్రం ఆయనొక్కడే.