మూడో పిలుపు

అడవి నడకలకు పోయే స్నేహితురాళ్లం జనగామలో వాకీటాకీలు కొన్నాం. పెద్దవి మెడకు బరువని చిన్న సెట్లు ఎంచింది నేనే. గంగారం అడవిలో మధ్యాహ్నానికే నా సెట్టు మీద ఎర్ర దీపం వెలిగింది, బ్యాటరీ అయిపోవచ్చిందని. అప్పటికి మాలో ఒకతె, యాదమ్మ, తప్పిపోయి గంటయింది.

సెట్టు గరగరమంది. "సరోజా!" యాదమ్మ గొంతే. మీట నొక్కబోతుంటే, మాకు దారి చూపిస్తున్న ఆ ఊరి అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పలకకు బిడ్డా. అడవిల పేరు పెట్టి పిలిస్తె మూడోపాలికే పలకాలె. ముందుగాల పిలిచేది దయ్యం."

చిన్నప్పుడు మా లింగాల ఘనపూర్‌లోనూ విన్న మాటే. సెట్టుకు కూడా వర్తిస్తుందని అక్కడే తెలిసింది.

"అవ్వా, బ్యాటరీ అయిపోతాంది! అది మా యాదమ్మనే!"

"దయ్యం గూడ యాదమ్మ లెక్కనే పిలుస్తది."

"సరోజా!" అని రెండోసారి వినిపించింది. తర్వాత ఏమీ లేదు. దీపం మినుకుమంటోంది.

"ఓ సరోజా, చెవిటిదాన! సచ్చినవా? వాగు కాడ కాలు బెణికి కూసున్న, జల్ది రా!"

అవ్వ నా చెయ్యి వదిలేసింది.

"ఇగ పలుకు బిడ్డా. దయ్యమైతే గిట్ల తిట్టదు."