అన్నయ్య అనుపానం

బట్టలు కుట్టి బతికే ఆ చెల్లెలికి ఒక్కగానొక్క అన్నయ్య. ఆయన ఎవరికైనా ఆకు ఇచ్చాడంటే ఒట్టి ఆకు ఇవ్వడు, దానికో అనుపానం తగిలిస్తాడు. లోకంలో మందుకి అనుపానమంటే తేనె, మహా అయితే గోరువెచ్చని నీళ్లు. ఈయన దగ్గర మాత్రం అనుపానమంటే చాకిరీ.

గడియారాలు బాగుచేయడం ఆయన వృత్తి. బాల్కనీ నిండా మందుమొక్కల తొట్లు పెట్టి వీధి మొత్తానికీ వైద్యం చేయడం ఆయన పిచ్చి. నడుం పట్టేసిందని బ్యాంకు గుమాస్తా వస్తే నాలుగు ఆకులు చేతిలో పెట్టి, "అనుపానం ఏంటంటే, రోజూ మీ అమ్మగారింటికి నడిచి వెళ్లి ఆవిడ చేతే దీని పసరు నడుముకి రాయించుకోవాలి" అన్నాడు. నిద్ర పట్టని మంగలికి కషాయమిచ్చి, రాత్రిపూట ఫోను పక్కింట్లో పెట్టి రమ్మన్నాడు.

"వాళ్లతో మాకు మాటల్లేవండీ."

"మాటలెందుకు? ఫోను ఇచ్చి రండి, చాలు."

వారం తిరిగేసరికి మంగలికి నిద్రా పట్టింది, పక్కింట్లో కాఫీ కూడా దొరికింది. అంతా ఆకు మహిమేనన్నాడు అన్నయ్య.

అలాంటి ఇంట్లో చెల్లెలికి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది. ఆరు కీమోల్లో రెండు పూర్తయ్యేసరికి ఏం తిన్నా ఇనుము రుచి, కత్తెర పట్టుకుంటే వేళ్లు తిమ్మిరి. మూడోదానికి ముందురోజు ఆవిడ తెగేసి చెప్పింది.

"ఇంక ఆసుపత్రికి రాను అన్నయ్యా. నీ ఆకులున్నాయిగా, అవే ఇవ్వు."

కాదనడని ఆవిడ నమ్మకం. నలభై ఏళ్లుగా ఈ మాట ఎవరంటారా అని కాచుకున్న మనిషాయె. అన్నయ్య కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

"ఇస్తానమ్మా. దీని అనుపానం కాస్త పెద్దది."

"చెప్పు."

"ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీ పక్క కుర్చీలో, చేతికి మందు ఎక్కుతుండగా తాగాలి. ఇంట్లో తాగితే పనిచేయదు."

"ఇదెక్కడి వైద్యం?"

"నా వైద్యం. ఇష్టం లేకపోతే ఆకులూ లేవు."

ఆవిడ సాయంత్రమంతా తిట్టిపోసింది. పొద్దున్నే చెప్పులేసుకుంది.

మిగిలిన నాలుగుసార్లూ ఆయన కషాయం ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు. సూది చూస్తే కళ్లు తిరిగే మనిషి. నర్సు చెల్లెలి చెయ్యి పట్టుకోగానే గోడ వైపు తిరిగిపోయి, గడియారం రెండు నిమిషాలు వెనకుందని ఫిర్యాదు చేసేవాడు. గుక్కెడు గుక్కెడు తాగుతుంటే చెల్లెలికి వికారం కాస్త నెమ్మదించేది. అది ఫ్లాస్కు వల్లో అన్నయ్య వల్లో ఆవిడకు తేలలేదు.

చివరి కీమో రోజు డాక్టరమ్మ ఫైల్లోంచి ఓ కాగితం తీసి చూపించింది. మొదటి కీమోకి ముందే ఆయన తన మొక్కలన్నిటి పేర్లూ రాసి పట్టుకొచ్చాడట, మీ మందుకు అడ్డొచ్చేవి కొట్టేయండని. పంతొమ్మిదింట్లో ఆవిడ పద్దెనిమిది కొట్టేసింది. మిగిలింది అల్లం, అదీ పలచగా.

"నలభై ఏళ్ల వైద్యాన్ని అలా గీత పెట్టి కొట్టేస్తుంటే ఎలా ఊరుకున్నావు అన్నయ్యా?"

"పోతే పద్దెనిమిది మొక్కలేగా. నాకున్నది నువ్వొక్కదానివే."

ఆ మాట అనేసి, ఊరికే దగ్గడం మొదలుపెట్టాడు. చెల్లెలు ఫ్లాస్కు మూతలో అల్లం నీళ్లు వంచి అందించింది.

"దగ్గుకి మంచిది, తాగు. అనుపానం..."

"నాకూనా?"

"నీకే. నర్సు నా చేతి సూది తీసేదాకా ఇటే చూస్తూ తాగాలి."

ఆయన బుద్ధిగా ఇటే చూశాడు. కళ్లు తిరిగి ఒరిగేసరికి, పక్క మంచం ఖాళీగా ఉండబట్టి సరిపోయింది.