షియాన్‌లో మా అమ్మ మాట్లాడిన భాష

దయ్యాలంటే నాకు భయం ఎప్పుడూ లేదు. చిరాకు ఉంది. మా పావగడలో జ్వరమొస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటారు. మిల్లులో మోటారు కాలిపోతే దిష్టి తగిలిందని గుమ్మడికాయ కొడతారు. ఇవన్నీ చూసి చూసి విసిగిపోయినవాణ్ణి నేను. ఇప్పుడు రాస్తున్నది దయ్యం సంగతి కూడా కాదు. పట్టపగలు, ఎండలో నిలబడి, నా చెవులతో నేను విన్నది. అందుకే ఇన్నేళ్లయినా ఆ చిరాకు పోలేదు.

మాది పావగడ దగ్గరి మంగళవాడ, కన్నడ రాష్ట్రంలో తెలుగు మాట్లాడే సీమ. వానొస్తే శనక్కాయ, రాకపోతే అదీ లేదు. తొంభైల్లో నేను పావగడకు వచ్చి శనక్కాయలు ఒలిచే చిన్న మిల్లు పెట్టుకున్నాను. అప్పుడే చుట్టుపక్కల మిల్లులవాళ్లం కొందరం కలిసి చైనా వెళ్లాం. అక్కడి ఒలుపు మిషన్లు చూడాలన్నది పైకి చెప్పిన కారణం. బీజింగ్, షియాన్ లాంటి పాత ఊళ్లు చూడాలన్నది అసలు ఆశ.

అందరూ భార్యల పేర్లు రాయించారు. మా ఆవిడ మాత్రం పిల్లల పరీక్షలు వదిలేసి రానంది. అప్పుడు వంటింట్లోంచి మా అమ్మ, "అయితే నేనొస్తా" అంది. తిరుపతి, బెంగళూరు తప్ప ఇంకో ఊరు ఎరగని మనిషి. తమాషాకి అందనుకున్నాను. కాదు.

ఆ ప్రయాణంలో అమ్మ నన్ను పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. హోటల్లో నీళ్లు తప్ప ఏమీ ముట్టేది కాదు. ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి, అంతే. బీజింగ్‌లో రాజులుండిన కోట చూపిస్తే, వాకిలి తర్వాత వాకిలి దాటి నడవలేక ఒక గడప మీద కూలబడి, "ఇంత కోటలో ఒక్క చెట్టూ లేదే. ఆడోళ్లు యాడ కూకునేవాళ్లో" అంది. మహా కుడ్యం మీదికి చేయి పట్టుకుని ఎక్కించాను. పైన గాలికి కొంగు సర్దుకుంటూ, "గోడ చూసేదానికి ఇంత దూరం రావల్లనా నాయనా?" అంది. మావాళ్లంతా నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

షియాన్‌లో మట్టి సైనికులను చూడటానికి వెళ్లినప్పుడు, గుంటల్లో వరసగా నిలబడ్డ ఆ బొమ్మల ముందు చెప్పులు విడిచి చేతులు జోడించింది. అవి బొమ్మలే కదమ్మా అంటే, "సమాధి అని చెప్తిరి గదప్పా. సమాధి కాడ చెప్పులేసుకోనుంటారా?" అంది. ఆ చెప్పులు ఎవరి కాళ్ల కింద పడి ఎటు పోయాయో, జనంలో వంగి వంగి వెతికేసరికి నా నడుం పట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం షియాన్ పాత ఊళ్లో, కోటగోడ లోపల ఉన్న నగారా బురుజు ఎక్కడానికి బయలుదేరాం. మోకాళ్లు నొప్పి, తను రానంది అమ్మ. బురుజు వెనక సందులో ఒక ఇంటి మెట్టు మీద కూర్చోబెట్టాను. ఎక్కడికీ కదలొద్దని, ఎవరితోనూ మాట్లాడొద్దని మరీ మరీ చెప్పి వెళ్లాను.

దిగి వచ్చేసరికి మెట్టు మీద అమ్మ లేదు.

భాష రాని మనిషి. చేతిలో హోటల్ చీటీ కూడా లేదు. సందు ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తాను. పిలిచాను. భయం కన్నా ముందు కోపమే వచ్చిందని చెప్పాలి. ఎందుకు తీసుకొచ్చానురా భగవంతుడా అని నన్ను నేనే తిట్టుకుంటూ మళ్లీ ఆ మెట్టు దగ్గరికే వచ్చి నిలబడ్డాను. ఆ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. తెలుగులో.

"పెద్దోడా, నడిపోడా?" అని అడిగింది ఒక గొంతు. బొంగురు గొంతు, ముసలిది. అచ్చం మా నాగలమడిక వైపు యాస.

"పెద్దోడు. ఇందాకనే చెప్తిని గదా" అంది మా అమ్మ.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇక్కడెవరో మనవాళ్లు దొరికారు, అమ్మను లోపలికి పిలిచారు అనుకున్నాను. తలుపు తోశాను.

చిన్న వాకిలి. ఎండలో రెండు పీటలు. ఒకదాని మీద మా అమ్మ, ఇంకోదాని మీద నీలం కోటు వేసుకున్న చైనా ముసలామె. మధ్యలో చాట. ఇద్దరూ శనక్కాయలు ఒలుస్తున్నారు. వాళ్లిద్దరు తప్ప ఇంకెవరూ లేరు. నన్ను చూసి ముసలామె ఏదో అంది. అది చైనా మాట. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇంతసేపు ఎవరమ్మా మాట్లాడింది?" అన్నాను.

"ఈయమ్మే."

"తెలుగులోనా?"

"మరేంది, నాకు ఇంగ్లీషు వచ్చునా?" అంది అమ్మ, విసుగ్గా. ఆమెకు నా మీద విసుగు!

ఇక్కడ మా అన్న సంగతి చెప్పాలి. మేం ముగ్గురం అన్నదమ్ములం. పెద్దన్న పేరు ఓబులేసు. ఎనభైల్లో కరువు పట్టినప్పుడు ఎండిన బావిని ఇంకా లోతు తవ్వుతుంటే ఒక పక్క గట్టు విరిగి మీద పడింది. నేనప్పుడు తుమకూరులో చదువుకుంటున్నాను. ఆ రోజు నుంచి అమ్మ నోట అన్న పేరు రాలేదు. ఇంట్లో ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేది.

మా గైడు చెన్ మేడం మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. బస్సు కదలాలి, అందరూ ఎదురు చూస్తున్నారని ఆమె కోపం. నేను వినలేదు. ఈ ముసలామె మా అమ్మతో ఏం మాట్లాడిందో అడిగి చెప్పమని పట్టుబట్టాను.

ముసలామె చాలాసేపు చెప్పింది, చేతులు శనక్కాయల మీద నుంచి తీయకుండానే. వింటున్న కొద్దీ చెన్ మేడం ముఖంలో తొందర పోయింది. చివరికి నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది.

"మీ అన్నయ్య బావిలో చనిపోయారా?"

ఆ బృందంలో ఎవరికీ నేను ఆ మాట చెప్పలేదు. తల ఊపాను.

"ఆ పొద్దున ఆయన దిగనన్నారట. గట్టు వదులుగా ఉందన్నారట. పైరు ఎండిపోతోందని మీ అమ్మగారే బలవంతపెట్టి దింపారట. ఇంతవరకూ ఈ మాట ఎవరికీ చెప్పలేదని ఏడ్చారట. నిజమేనా?"

నిజమో కాదో నాకేం తెలుసు? మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అమ్మ లోపల దాచుకున్న మాట, ఒక చైనా ముసలామె నోటి నుంచి, ఇంగ్లీషులో నాకు చేరింది. అమ్మ వైపు చూశాను. ఆమె తల ఎత్తకుండా కాయ ఒలుస్తోంది.

"మా అమ్మ మాట ఆమెకెలా అర్థమైందో అడగండి" అన్నాను.

ముసలామె అదేం ప్రశ్న అన్నట్టు చూసి జవాబు చెప్పింది. చెన్ మేడం కొంచెం తడబడుతూ వివరించింది. మా అమ్మ మాట్లాడింది ఆ ముసలామె పుట్టింటి ఊరి మాటేనట. కొండల్లో చిన్న ఊరట. ఆ యాస విని చాలా ఏళ్లయిందట. "మీ అమ్మగారు అదెక్కడ నేర్చుకున్నారు?" అని నన్నే ఎదురు అడిగింది.

"మా అమ్మకు కన్నడమే సరిగా రాదు మేడం" అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినిపించింది.

బస్సులో అమ్మను వదల్లేదు. బావి దగ్గర జరిగింది నిజమేనా అంటే, "అవునప్పా" అంది, అంతే. ఆయమ్మ నీకేం చెప్పింది అంటే, కరువులో కడుపు నిండక చిన్న కూతుర్ని దూరపు చుట్టాలకు ఇచ్చేసిందని, మళ్లీ ఆ బిడ్డ ముఖం చూడలేదని చెప్పింది. వెళ్లి చెన్ మేడంను అడిగాను. అవును, ఆ మాట కూడా చెప్పింది, మీకు చెప్పడం మర్చిపోయాను అంది.

అమ్మ సైగలు చేసి ఉంటుందని మావాళ్లు అన్నారు. సైగలతో బావి చెప్పొచ్చు, చావు చెప్పొచ్చు. గట్టు వదులుగా ఉందని అన్న చెప్పిన మాటను ఎలా చెప్తారు? అమ్మే రెండు గొంతులతో మాట్లాడుకుందేమో అన్నాడు ఒకాయన. ఆ బొంగురు గొంతు మా అమ్మది కాదు. పుట్టినప్పటినుంచి వింటున్న గొంతు నాకు తెలియదా? నీకే భ్రమ అన్నారు ఇంకొందరు. సరే, నాది భ్రమే అనుకుందాం. చెన్ మేడం చెప్పింది ఎవరి భ్రమ?

అమ్మను అడిగితే మాత్రం ఎప్పుడూ ఒకటే జవాబు. "బాసేందిరా, బాస? కూకున్నాము, మాట్లాడుకున్నాము. దానికింత రాద్ధాంతమా?"

ఊరికొచ్చిన మర్నాడే అమ్మ మంగళవాడకు పోదామంది. అక్కడ మా పాత ఇంట్లో మా వదిన సావిత్రమ్మ ఉంటుంది, ఓబులేసు అన్న భార్య. గట్టు బాగాలేదని తెలిసి కూడా ఆయన ఆ రోజు బావిలోకి ఎందుకు దిగాడని పదేళ్లుగా అడుగుతూనే ఉన్న మనిషి. అమ్మ ఆమెను కూర్చోబెట్టి, నా ముందే, జరిగిందంతా చెప్పింది. షియాన్‌లో ఆ ముసలామెకు చెప్పానన్నది కూడా దాచలేదు.

వదిన ఏడవలేదు. అత్త వైపు తిరిగి అంది, "యాడనో ముక్కూమొగం తెలీని ఆయమ్మకు చెప్పినావు. నేను ఈడనే, ఈ ఇంట్లోనే ఉండాను గదత్తా!"

"ఆయమ్మ అడిగింది" అంది అమ్మ.

"నేను అడగలేదా? ఇన్నేండ్లు అడగలేదా?"

"నువ్వు ఎందుకు దిగినాడని అడిగితివి" అంది అమ్మ నెమ్మదిగా. "ఆయమ్మ, పోయినోడు పెద్దోడా నడిపోడా అని అడిగింది."

వదిన లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట మాకు అన్నం మాత్రం పెట్టింది. అమ్మతో ఆమె మళ్లీ మామూలుగా మాట్లాడటానికి వానలు రావాల్సి వచ్చింది.

అమ్మ ఇప్పుడు లేదు. ఆ సందు ఉందో లేదో తెలియదు. ఈ సంగతి ఎవరికి చెప్పినా, ఇంతకీ ఆ ముసలామె మాట్లాడింది ఏ భాష అని అడుగుతారు. తలుపు తోసేదాకా తెలుగు. తోశాక చైనా భాష. అంతకు మించి నాకు తెలియదు. తెలిస్తే ఇన్నేళ్లు ఇంత విసుగు పడేవాణ్ణి కాదు.